వలపట శైలజ, దాపట నేను

మా ఇంట్లో మగవాళ్లు లేరు. అంటే ఉన్నారు, బొంబాయిలో ఉన్నారు. మా బావ పాల్, మా ఆయన ప్రదీప్ ఇద్దరూ అక్కడ కట్టడాల పనికి పోయి, క్రిస్మస్‌కు ఒకసారి, ఎవరైనా పోతే ఒకసారి వస్తారు. మామ యేసయ్య నేను కాపురానికి రాకముందే దేవుడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇక వనపర్తిలోని మా రేకుల ఇంట్లో మిగిలింది ముగ్గురం: అత్త సారమ్మ, పెద్దకోడలు శైలజ, చిన్నకోడలు కృప అనే నేను. ఆడవాళ్లే ఉన్న ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని ఎవరైనా అంటే, వాళ్లను ఒక్క పూట మా ఇంట్లో కూర్చోబెట్టాలి.

మా బతుకుదెరువు జొన్నరొట్టె. కాలేజీ హాస్టలుకూ, బస్టాండు దగ్గరి మెస్సుకూ మా ఇంటినుంచే పోతాయి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పీట మీద తట్టాలి, ఒకరు పొయ్యి ముందు కూర్చుని కాల్చాలి. తట్టినవాళ్లకు పేరొస్తుంది, కాల్చినవాళ్లకు పొగొస్తుంది. గొడవంతా ఇక్కడే. పెద్దకోడలిని కాబట్టి పీట నాదే అని శైలజ. సన్నగా తట్టేది నేనే కాబట్టి పీట నాదే అని నేను. ఆమె రొట్టె ఎంత మందమంటే దాంతో గోడకు మేకు కొట్టవచ్చు. ఈ మాట నేను ఆమె మొహం మీదే అన్నాను.

"నీ రొట్టె అడ్డం పెట్టుకుంటే సూర్యుడు కనబడ్తడు. తిన్నోనికి తిన్నట్టే ఉండదు," అంది ఆమె.

మాటకు మాట పెరిగి పొయ్యిలు రెండయ్యాయి. ఒక్కరే తట్టి ఒక్కరే కాల్చాలంటే ఎట్లా? పీట మీద చెయ్యి ఉండగా పెనం మీదిది మాడుతుంది, పెనం చూసుకుంటే పీట మీదిది ఎండి పగుళ్లిస్తుంది. హాస్టలు పిల్లలు రొట్టెలు వాపసు పంపారు. అయినా ఎవరం తగ్గలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, పక్కింటి సౌందర్య రోజూ సాయంత్రం మా గడపలో కూర్చుని "ఎన్కసీరి ఏమైందే?" అని తర్వాతి ముచ్చట అడిగి మరీ వినేది.

చివరికి గోడ దాకా వచ్చింది. హాలు మధ్యలోంచి గోడ కట్టి ఇల్లు రెండు చేద్దామన్నాం. బొంబాయికి ఫోన్ చేస్తే అన్నదమ్ములిద్దరూ "మీ ఇష్టం" అన్నారు. వాళ్లు మాత్రం ఒకే గదిలో పక్కపక్కన పడుకుంటారు. ఇటుకలు వచ్చి వాకిట్లో పడ్డాయి. మేస్త్రీ ఇస్రాయేలు, చేతిలో ఉన్న పని అయిపోగానే వస్తానన్నాడు. ఇక పంపకాలు. కిటికీ దిక్కు ఆమెకు, నల్లా దిక్కు నాకు. బీరువా ఆమెకు, మంచం నాకు. అత్త మూలన కూర్చుని అంతా విని, మేం ఆగిన తర్వాత అడిగింది.

"మరి నేను?"

"చిన్నదాని దగ్గర ఉండు అత్తా, నీకు ఆమె రొట్టెనే ఇష్టం గద," అంది శైలజ.

"పెద్దకోడలి దగ్గర ఉండుడే మర్యాద," అన్నాను నేను.

అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు చీర మార్చుకుని చర్చికి పోయి, హెప్సిబా మేడాన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

హెప్సిబా మేడం ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైంది. మా సంఘంలో స్త్రీల కూటానికి పెద్ద. పెళ్లి చేసుకోలేదు. తెల్లచీర, నల్లగొడుగు, నవ్వడం మరిచిపోయిన మొహం. ఆమె కూర్చున్న వరసలో పసిపిల్లలు కూడా ఏడవరు. కానీ విడిపోయిన సంసారాలను కలపడంలో ఆమెకు ఆమే సాటి. హెప్సిబా మేడం గడప తొక్కితే పొయ్యి ఒకటవుతుందని మా వాడలో అనుకుంటారు. వారంలో ఒకటి రెండు రోజులు ప్రార్థనలకని బస్సెక్కి వీపనగండ్ల దిక్కు పోతుండేది. ప్రార్థనకు పోయేవాళ్లను ఎందుకు పోతున్నావని ఎవరడుగుతారు?

నేను ఆమెకు చెప్పడానికి శైలజ నేరాలన్నీ మొదటినుంచి వరసగా మనసులో పేర్చుకున్నాను. శైలజ కూడా గొంతు సవరించుకుంది. మేడం ఒక్క ముక్క అడగలేదు.

"లేవుండ్రి. ఈ గోడ కాడికెల్లి ఆ గోడ దాక నడువుండ్రి," అంది.

నడిచాం. మేడం వంగి మా పాదాలు చూసింది. వెనక్కి వచ్చి, మా ఇద్దరి భుజాల మీద గొడుగు అడ్డంగా పెట్టి అది వాలుతుందో లేదో చూసింది. తర్వాత, మేం అక్కడ లేనట్టే, అత్తతో చెప్పింది.

"ఎత్తు సమానమే సారమ్మా. పెద్దామె మొండిది, బలమున్నది. చిన్నామె చురుకు, జర బెదురు. కుదుర్తది."

బీఈడీ చదివిన నన్ను బెదురంటుందా అని నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే శైలజ వంక చూస్తే, ఆమె కూడా 'మొండిది' దగ్గరే ఆగిపోయి ఉంది.

"పెద్దామె వలపట ఉండాలె, చిన్నామె దాపట. ఎన్నడు మార్చొద్దు," అంది మేడం.

"వలపట అంటే కుడి, దాపట అంటే ఎడమ," అని అత్త మాకు విప్పి చెప్పి, ఎందుకో మేడం మొహంలోకి ఒకసారి తేరిపార చూసింది.

ఇక ఆజ్ఞలు. కొన్ని దినాలు రొట్టె పని బంద్. పొద్దున్నే ఇద్దరం పక్కపక్కన బస్టాండు దాకా నడిచి రావాలి, మాట్లాడకూడదు. ఒకే పళ్లెంలో తినాలి. సాయంత్రం ఉడకబెట్టిన ఉలవలూ బెల్లమూ తినాలి.

"ఉలవలెందుకు మేడం?" అని అడిగాను.

"బలం," అంది.

"ఆమె నన్ను తిడితే?"

"పక్కకు చూడకు. ముంగట చూడు."

అత్తను కూడా వదల్లేదు. "నువ్వు ఎన్కకెల్లి అరవొద్దు సారమ్మా. ఎన్కకెల్లి అరిస్తే ముంగటికి పోరు, పక్కకు పోతరు. ఒకదాని ముంగట ఇంకోదాన్ని తిట్టొద్దు. పనైనంక ఇద్దరి వీపు నిమురు."

మొదట్లో సిగ్గుతో చచ్చాను. శైలజ ముద్ద పెద్దది, ఆమె రెండు ముద్దలు మింగేసరికి పళ్లెం సగం ఖాళీ. నేనూ వేగం పెంచాల్సి వచ్చింది. పొద్దున బజారు వెంట మూగగా నడుస్తుంటే టీ బండి దగ్గరివాళ్లు "ఏందమ్మా, పరేడా?" అని నవ్వేవాళ్లు. పక్కకు చూడకూడదు కదా, ముందుకే చూస్తూ నడిచాం. మాటలు లేకపోయేసరికి అడుగులు వినబడ్డాయి. నాకు ఇష్టం లేకపోయినా నా అడుగు ఆమె అడుగుతో కలిసింది. ఒకరోజు కుక్క వెంటపడితే ఇద్దరం ఒకే దిక్కు పరుగెత్తాం, చేతులు పట్టుకుని. ఇల్లు చేరేదాకా వదల్లేదు. ఎందుకు వదల్లేదో నాకిప్పటికీ తెలియదు.

తర్వాత మేడం చిన్న పని పెట్టింది. గిర్నీ నుంచి పిండిమూట ఇద్దరం చెరో దిక్కు పట్టుకుని తేవాలి. అదయ్యాక రొట్టె. పొద్దున శైలజ తడితే నేను కాల్చాలి, పొద్దుమీకి నేను తడితే ఆమె కాల్చాలి. పొయ్యి ముందు కూర్చుంటే తెలిసింది, ఆమె రొట్టె మందమైనా పెనం మీద ఎంత బాగా పొంగుతుందో. నా సన్న రొట్టెను మాడకుండా తిప్పడం ఎంత కష్టమో ఆమెకూ తెలిసి ఉంటుంది. కొన్నాళ్లకు ఆమెది కొంచెం పలచబడింది, నాది కొంచెం మందమైంది. హాస్టలు పిల్లలు మళ్లీ అడిగి తినసాగారు.

పనయ్యాక అత్త మా వీపు నిమిరేది. పెళ్లయిన తర్వాత నా వీపు మీద ప్రేమగా చెయ్యి వేసినవాళ్లు లేరు. మొదటిరోజు నాకు ఏడుపొచ్చింది. పొగ అని చెప్పాను.

గోడ మాట ఎవరూ ఎత్తలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. అత్త మాత్రం రోజూ వాకిలి ఊడుస్తూ ఆ ఇటుకల చుట్టూ చీపురు మెల్లగా తిప్పేది, పడుకున్న పామును లేపకూడదన్నట్టు.

అట్లా ఉండగా వీపనగండ్ల నుంచి పెద్ద కబురు వచ్చింది. అక్కడ జాతరకు బండలాగుడు పోటీలు, ఎద్దులను తోలుకొచ్చినవాళ్లకు జొన్నరొట్టెలు కావాలట. పొద్దెక్కకముందే కొట్టి, కాల్చి, గంపలకెత్తి ముగ్గురం ఆటోలో పోయాం. గంపలు దించేసరికి మైదానమంతా జనం. జత ఎద్దులు పెద్ద బండరాయిని లాక్కుంటూ ఎంత దూరం పోతాయో చూసే ఆట అది. మైకులో అరుపులు, ఈలలు, దుమ్ము. "వచ్చినం గద, ఒక్క జతను చూసి పోదం," అంది అత్త. గంపలు ఇంకా అప్పజెప్పకుండానే, మైదానం చుట్టూ కట్టిన తాడుకు ఇవతల పెట్టి నిలబడ్డాం.

"వీపనగండ్ల ఓబయ్య జత! రెండు పండ్ల కోడెలు!" అని మైకు అరిచింది.

రెండే పళ్లొచ్చిన లేత కోడెలు వచ్చాయి. తెల్లగా, నున్నగా, పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. పగ్గం పట్టుకున్న సన్నటి ముసలాయన ఓబయ్య. ఆయన పక్కన చీర నడుముకు బిగించి, తలకు తువ్వాల చుట్టి, చెప్పులు లేకుండా దుమ్ములో నిలబడ్డ మనిషి హెప్సిబా మేడం. నవ్వుతోంది. పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

మేం తాడు దగ్గరికి జరిగాం. ఈలోగా ఆమె మాటలు మా చెవిన పడ్డాయి.

"ఓబయ్యా, రెండిటికి ఒకటే గోలెంల దాణా పెట్టినవా?"

"పెట్టిన అమ్మా."

"ఉలవలు?"

"ఉడకబెట్టి బెల్లమేసి పెట్టిన."

"పొద్దుగాల పక్కపక్కన నడిపిచ్చినవా? మంచిది. వలపటిది మొండిది, దానితోని మెల్లగ. దాపటిది చురుకు, కాని బెదుర్తది. దాని ముంగట దీన్ని తిట్టకు. కర్ర ముట్టకు. అయినంక రెండిటి వీపు నిమురు."

శైలజ మెల్లగా నా దిక్కు తిరిగింది.

"కృపా, వలపటిదంటే నేనేనా?"

"అవునక్కా."

"మొండిదంట."

"నేను బెదుర్తనంట."

"ఇన్ని దినాలు ఈమె మనకు దాణా పెట్టిందే!" అని శైలజ పళ్లు నూరింది. అంత కోపంలోనూ ఆమె నాకు కుడి పక్కనే నిలబడి ఉందని గమనించి, నాకు ఇంకా కోపమొచ్చింది.

బండ కదిలింది. నిజం చెప్పాలంటే చూస్తే ముచ్చటేసింది. మిగతావాళ్లు కర్రలతో, కేకలతో తోలారు. మేడం మాత్రం పక్కనే నడుస్తూ ఏదో మాట్లాడుతోంది, కోడెలు రెండూ ఒకే గిట్టతో నడిచినట్టు పోతున్నాయి. అప్పటిదాకా లాగిన జతలన్నిటినీ దాటేసేలా ఉన్నాయి. జనం లేచి నిలబడ్డారు. మా అత్తకు ఒళ్లు తెలియలేదు. తాడు మీదికి వంగి, కోడెల వెనక నుంచి, పొలాల్లో పిట్టలను తోలిన ఆ గొంతుతో ఒక్క కేక పెట్టింది.

"పో హెప్సిబమ్మా! పో! పోనియ్యి!"

వెనకనుంచి అరిస్తే ముందుకు పోవని మేడం చెప్పనే చెప్పింది. కోడెలు పక్కకు తిరిగాయి. గీత దాటి, తాడు తెంపుకుని, బండతో సహా జనంలోకి వచ్చాయి. మనుషులు తలో దిక్కు ఉరికారు. కోడెలు మాత్రం నేరుగా మా గంపల దగ్గరికి వచ్చి, రెండూ ఒకే గంపలో మూతులు పెట్టి, ఒకదాన్నొకటి చూసుకోకుండా, నెమ్మదిగా మా రొట్టెలు తిన్నాయి.

ఆట పోయింది. మేడం దుమ్ములో పరుగెత్తుకొచ్చి మమ్మల్ని చూసింది. తల మీది తువ్వాల తీసేసింది. నవ్వు కూడా తీసేసింది.

"మా నాయిన దొర దగ్గర జీతముండె," అంది. "ఎద్దులను జోడి కట్టుడు, నేర్పుడు అంత ఆయనదే. గెలిస్తే శాలువా దొర భుజం మీద ఏసేటోళ్లు. నాయిన నన్ను ఎత్తుకోని ఇంటికొస్త ఉంటె, ఏ ఎద్దును ఏ పక్క కట్టాలె, ఎట్ల మచ్చిక చేయాలె అని చెప్తుండె. రిటైరైనంక ఈ జతను కొన్న. ఓబయ్య పేరు మీద ఆడిపిస్తున్న. జాతరల ఎద్దులు తోలేటామె స్త్రీల కూటం ఎట్ల నడుపుతదని సంఘంల అంటరు గద."

"మరి మాకు చెప్పిందంత ఏంది మేడం?" అని అడిగింది శైలజ.

"ఎద్దులదే."

"అంతానా?"

"అంత. నాకు మొగడు లేడు, అత్త లేదు, మీకొకరికొకరున్నట్టు యారాలు లేదు. సంసారాల సంగతి నాకేం తెల్సు బిడ్డా? మంది వచ్చి అడిగిన్రు. నాకు తెల్సిందొక్కటే విద్య. అదే చెప్పిన. కుదిరింది. మల్లొకరు వచ్చిన్రు."

అంటే వనపర్తిలో సంసారాలన్నీ! చర్చిలో పక్కపక్కన కూర్చునే అత్తాకోడళ్లందరూ నా కళ్ల ముందు మెదిలారు. వాళ్ల ఇళ్లలో సాయంత్రం ఉలవల వాసన ఎందుకొస్తుందో అప్పుడర్థమైంది.

"పాస్టరు గారికి చెప్త," అన్నాను.

"చెప్పు. నేను వద్దనను," అంది మేడం. "కాని ఆ గోడ కట్టకుండ్రి."

తిరుగు ఆటోలో శైలజా నేనూ గొంతు కలిపి తిట్టాం. ఇంత కలిసి మేం ఎప్పుడూ ఏ పనీ చేయలేదు. మధ్యలో కూర్చున్న అత్త, అరిచి బొంగురుపోయిన గొంతుతో, "నాకు వలపట దాపట అన్ననాడే అనుమానమయ్యింది. మనుషులకు అట్ల ఎవరంటరు? ఎట్లన్నగాని, ఇల్లు నిలబడితె సాలనుకున్న," అంది. అంతే, మా కోపం ఆమె మీదికి మళ్లింది. తెలిసి కూడా చెప్పలేదా? శైలజ ఆటోలోనే ఫోన్ తీసి ఇస్రాయేలుకు కలిపింది. "రేపు పొద్దుగాల రా. గోడ మొదలుపెట్టాలె." నేను ఆపలేదు. మేం ఎద్దులం కాదని చూపించుకోవడానికి మాకు గోడ తప్ప ఇంకేమీ కనబడలేదు.



పొద్దున్నే ఇస్రాయేలు దారమూ సుద్దా పట్టుకుని దిగాడు. "ఏడికెల్లి ఏడి దాక?" అన్నాడు. శైలజ దారం ఒక కొస పట్టుకుని వాకిలి దగ్గర నిలబడింది. నేను రెండో కొస పట్టుకుని వెనక గోడకు ఆనించాను. దారం బిగిసింది. హాలు మధ్యలో అత్త కూర్చుని పిండి జల్లిస్తోంది. దారం సరిగ్గా ఆమె తల మీదుగా పోయింది.

"జర లేవు పెద్దమ్మా," అన్నాడు ఇస్రాయేలు.

"లేస్త నాయినా," అంది అత్త. జల్లెడ పక్కన పెట్టింది. మమ్మల్ని చూడకుండా నేల చూస్తూ అడిగింది. "ఏ దిక్కు లేవాల్నో చెప్పుమను."

ఆ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నేను 'పెద్దకోడలి దగ్గర ఉండుడే మర్యాద' అనడానికే నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"నా దిక్కు."

అదే క్షణంలో వాకిలి దగ్గరినుంచి శైలజ "నా దిక్కు రా అత్తా," అంది.

ఇద్దరం ఆగాం. ఒకరినొకరం చూసుకున్నాం. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన కొట్లాట ముందు పాతవన్నీ దిగదుడుపే.

"నీ దిక్కెందుకు? ఆమె మోకాళ్లకు నూనె రాయొస్తదా నీకు?" అంది శైలజ.

"నీకొస్తదా? దవాఖాన మాత్రలు యాదుంచుకునేది ఎవరు?"

"నిన్న గొంతు పోతే వేడినీళ్లిచ్చింది ఎవరే?"

"నా వీపు నిమిరినంతసేపు నీ వీపు నిమిరిందా?"

"అడుగు! ఆమెనే అడుగు!"

సౌందర్య పరుగెత్తుకొచ్చి గడపలో చోటు చూసుకుంది. దారం మా ఇద్దరి చేతుల మధ్య గుంజులాటలో తెగింది. ఇస్రాయేలు పాపం పరేషాన్ అయ్యాడు.

"అమ్మా, ఒక మాట చెప్పుండ్రి. పెద్దమ్మ ఇద్దరికి కావాల్నంటే ఆమె నడుమ ఉండాలె. నడుమ ఆమె ఉంటే నేను గోడ యాడ కట్టాలె?"

"అంటే మా అత్తను నడుమకు కోస్తవా?" అని శైలజ చేతిలోని దారం అతని మీద విసిరింది, ఆ గోడ అతనే కోరి తెచ్చినట్టు.

"పో, పో, మా ఇల్లు పగులగొట్టనీకి వచ్చినవు," అన్నాను నేను. ఇస్రాయేలు సుద్ద జేబులో వేసుకుని, ఈ వాడకు మళ్లీ రానని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పుడు చూశాం, గడప అవతల సౌందర్య వెనక హెప్సిబా మేడం. తెల్లచీర, గొడుగు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"పాస్టరు దగ్గరికి పోతున్న, నా సంగతి నేనే చెప్పుకుంటనని," అంది. "పోయే ముంగట గోడ లేసిందో ఏమో సూసి పోదామని వచ్చిన."

శైలజ నన్ను చూసింది. నేను తలూపాను.

"పాస్టరుతోని ఏం పని మేడం? నిన్నటి ఎండకు మాకు కండ్లు బైర్లు కమ్మినయి, ఏం కనబడలే," అంది శైలజ. "లోపలికి రాండ్రి."

మేడం లోపలికి వచ్చి అత్త పక్కన నేల మీద కూలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సారమ్మా, ఇంతసేపు వీళ్లు కొట్లాడిన కొట్లాట నేను నేర్పింది గాదు. ఎద్దులు దాణాకు కొట్లాడ్తయి, నీడకు కొట్లాడ్తయి. నా బతుకుల గిసుంటిది ఎన్నడు చూడలే."

అత్త ఒళ్లో పిండి దులుపుకోకుండానే ఇద్దరు కోడళ్లనూ చెరో చేత్తో దగ్గరికి లాక్కుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా మేడంతో అంది.

"ఎద్దులకు అత్త ఉంటదానే పిచ్చిదానా!"